ఆనెకాయకు వేరు లేదు, ఆ బ్లేడు కింద పెట్టండి



పోస్టు పెద్దగా ఉంటది, ముందే చెప్తున్నా. మెస్‌లో తిని పడుకునే ముందు తీరిగ్గా చదవండి. ఆనెకాయ ఉన్నోళ్ళు మాత్రం ఇప్పుడే చదవండి, రాత్రికి బ్లేడు పట్టుకునే లోపే.

పోయిన వారం మన గ్రూపులో ఒక సీనియర్ అన్న పెట్టిన పోస్టు అందరూ చూసే ఉంటారు. అరికాలి ఫొటో పెట్టి, బొటనవేలి కింద గట్టిపడ్డ ఆనెకాయ చూపించి, ఇది అడవి మనకిచ్చిన పతకం, మెత్తటి కాళ్ళోళ్ళకు ఇది దొరకదు అని రాశాడు. బాగా రాశాడు. చదివి నాకూ ఛాతీ పొంగింది, లైక్ కొట్టా. తర్వాత కింద కామెంట్లు చదివా. ఒకరు కొత్త బ్లేడుతో చుట్టూ గీసి వేరుతో సహా పీకెయ్ అన్నారు. ఇంకొకరు నల్లజీడి వేడి చేసి సురక పెట్టమన్నారు. ఒకక్క జిల్లేడు పాలు అంది. ఒక తమ్ముడు మెడికల్ షాపులో కార్న్ క్యాప్ అడుగు, రాత్రి అతికించి పొద్దున్నే లాగెయ్, మొత్తం ఊడొస్తది అన్నాడు. ఇంతమందిలో ఒక్కరు కూడా "అన్నా, నువ్వు ఏం బూట్లు వేసుకుంటున్నావ్, అవి నీకు సరిపోతున్నాయా" అని అడగలే.

నా లైక్ వెనక్కి తీసుకున్నా. అన్న మీద కోపంతో కాదు. నా రూమ్మేట్ కాలు నా కళ్ళతో చూశా కాబట్టి.

అతని పేరు రాయను, వద్దన్నాడు. మిగతాది రాసుకో అన్నాడు. కానిస్టేబుల్‌కి ప్రిపేర్ అయ్యాడు. వాళ్ళింట్లో డిగ్రీ గడప తొక్కింది అతనే మొదలు, ఈ ఉద్యోగం వస్తే వెనకున్న ఇద్దరు చెల్లెళ్ళ చదువు ఆగదు. పొద్దున నాలుగున్నరకే లేచి గ్రౌండ్‌కి పోయేవాడు. 1600 మీటర్ల పరుగు ప్రాక్టీసు. బూట్లు సంతలో కొన్నాడు. అతని నంబరు దొరకలే, ఒక నంబరు తక్కువది ఉంటే, బేరం కుదిరిందని తెచ్చుకున్నాడు. రెండు నెలలకు చిటికెనవేలి కింద ఆనెకాయ లేచింది. అడుగు వేస్తే లోపల గులకరాయి గుచ్చుకున్నట్టు ఉందనేవాడు. పరుగు టైం పెరిగిపోయింది. ఈవెంట్స్‌కి పది రోజులుందనగా ఒక రాత్రి అందరూ పడుకున్నాక సెల్లు లైటు నోట్లో కరుచుకుని కొత్త బ్లేడుతో కోసుకున్నాడు. రక్తం వచ్చేదాకా తవ్వాడు. పొద్దున్నే నాకు బియ్యపు గింజంత తెల్లటి ముక్క చూపించి "వేరు దొరికిందిరా" అన్నాడు. ముఖంలో ఆ సంతోషం నాకు ఇంకా గుర్తుంది.

మూడో రోజుకి పాదం వాచింది. చీలమండ దాకా ఎర్రబారింది, గజ్జల్లో బిళ్ళ కట్టింది, జ్వరం. ఆస్పత్రిలో చేర్పించి ఇంజెక్షన్లు వేయించాల్సి వచ్చింది. కాలు దక్కింది. ఈవెంట్ రోజు మాత్రం మంచం మీద ఉన్నాడు. ఆ హాల్‌టికెట్ ఇప్పటికీ అతని ట్రంకు పెట్టెలో ఉంది. మళ్ళీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో, అప్పటికి వయసు ఉంటదో ఉండదో. ఇప్పుడు చెప్పు అన్నా, ఆ ఆనెకాయ పతకమా?

సరే, అసలు ఆనెకాయ అంటే ఏంటో చూద్దాం. నేను డాక్టర్ని కాదు, డిగ్రీ రెండో సంవత్సరం జువాలజీ కుర్రాణ్ణి. కానీ చర్మం పాఠం చదువుకున్నా, తర్వాత ఆస్పత్రిలో డ్యూటీ డాక్టర్‌ని దగ్గరుండి అడిగి తెలుసుకున్నా.

మన చర్మం కింది నుంచి పైకి పుడతది. అడుగున కొత్త కణాలు పుట్టి, నెలో అటూ ఇటో పైకొచ్చి, చచ్చిపోయి, పొలుసుగా రాలిపోతాయి. ఆ చచ్చిన పైపొరలో ఉండేది కెరాటిన్. గోరు అదే, వెంట్రుక అదే, మన కొమ్ము కోయ ఆటలో తలకు కట్టే కొమ్ము పైపొర కూడా అదే. ఇంగ్లీషులో దీన్ని కార్న్ అనడానికి కారణం కూడా కొమ్మే, లాటిన్‌లో కొమ్ము అనే మాట నుంచి వచ్చింది. (మా రూమ్‌లో ఒకడు చాలా రోజులు కార్న్ అంటే మొక్కజొన్న గింజలా ఉంటదని ఆ పేరనుకున్నాడు. నేనే ఆ ఒకడు.)

ఒక చోట మాటిమాటికీ ఒత్తిడి, రాపిడి పడితే చర్మం తనను తాను కాపాడుకోవడానికి ఆ పొరను మందం చేస్తది. ఒత్తిడి వెడల్పుగా, సమానంగా పడితే ఆ మందం కూడా వెడల్పుగా, పలకలా వస్తది. గొడ్డలి పట్టే చేతికి, పార పట్టే చేతికి కాయలు కాస్తాయి చూడండి, అది. నొప్పి ఉండదు, పైగా మేలు చేస్తది. అదే ఒత్తిడి ఒక్క బిందువు మీద, ఎముక మొటిమ తేలిన చోట, బూటు కుట్టు తగిలే చోట పడుతూ ఉంటే ఆ చచ్చిన పొర గట్టి మేకులా మారి లోపలికి దిగుతది. పైన గుండ్రంగా, లోపల మొనగా. ఆ మొన నరం మీద ఒత్తితే ప్రాణం లేచొస్తది. అదే ఆనె. కాయ వేరు, ఆనె వేరు. మన పెద్దోళ్ళు రెండింటికీ రెండు మాటలు పెట్టారు, మనం రెండూ కలిపేసి ఆనెకాయ అంటున్నాం.

అంటే నా రూమ్మేట్ చేతిలో ఉన్నది వేరు కాదు. చచ్చిన చర్మపు మొన. చెట్టుకు వేరు నేలలో ఉంటది, నీళ్ళు తాగుతది, పైన నరికితే మళ్ళీ చిగురేస్తది. ఆనె అలా పెరగదు. దానికి తిండి పెట్టేది లోపల ఏదో కాదు, బయట బూటు. మొన మొత్తం తీసేసినా, అదే బూటు తొడిగి అదే పరుగు పరిగెత్తితే మళ్ళీ వస్తది. అప్పుడు అందరూ ఏమంటారు? "వేరు పూర్తిగా తీయలేదు, ఇంకొంచెం లోతుగా కోయాల్సింది." అలా ప్రతిసారీ ఇంకొంచెం లోతుకు పోతాం. నాకు మండేది ఇక్కడే. తప్పు బూటుది, శిక్ష కాలికి.

ఇప్పుడు సీనియర్ అన్న మాటకు వస్తా. అన్న చెప్పిన దాంట్లో నిజం లేదని నేననను. మన తాతలు ఉత్త కాళ్ళతో గుట్టలెక్కారు, దిగారు. మా అమ్మ ఇప్పటికీ ఎండాకాలం తునికాకు సీజన్‌లో పొద్దున మూడింటికి లేచి అడవికి పోతది, ఆకు కోసి, కట్టలు కట్టి, కల్లానికి మోస్తది. ఆమె అరికాలు ముట్టుకుంటే మద్దిచెక్క ముట్టుకున్నట్టే ఉంటది. కానీ ఆనె లేదు. ఒక్కటి కూడా లేదు. నేను పనిగట్టుకుని చూశా, "ఏందిరా కాళ్ళు మొక్కుతున్నావా" అని నవ్వింది.

ఇది మా అమ్మ ఒక్కదాని సంగతే కాదు. కెన్యాలో ఉత్త కాళ్ళతో నడిచేవాళ్ళ అరికాళ్ళను కొలిచిన పరిశోధన ఒకటి 2019లో నేచర్ పత్రికలో వచ్చింది. వాళ్ళ అరికాలి తోలు మందంగానే ఉంది, కానీ దాంతో స్పర్శ తగ్గిపోలేదని తేల్చారు. మందం వాళ్ళను కాపాడుతది, నేలను మాత్రం దూరం చెయ్యదు. మన దేశంలోనే ఎప్పుడూ ఉత్త కాళ్ళతో తిరిగేవాళ్ళను బెల్జియం పరిశోధకులు చూశారు, అది 2009లో అచ్చయింది. ఉత్త కాళ్ళోళ్ళ పాదం ముందు భాగం వెడల్పుగా ఉంటదని, బరువు పాదమంతా ఎక్కువ సమానంగా పడుతుందని రాశారు.

అంటే అన్నా, అడవి ఇచ్చింది కాయ. ఆనెను తెచ్చి పెట్టింది ఎక్కువసార్లు బూటే. నీ ప్రొఫైల్ ఫొటోలో వాలీబాల్ నెట్ దగ్గర నిలబడి ఉన్నావు చూడు, కాళ్ళకు తెల్ల స్పోర్ట్స్ షూ, ముందు భాగం మొనదేలి ఉంది. నువ్వు పతకం అన్నది ఆ షూ ఇచ్చింది. నవ్వులాటకు అంటున్నా, కోపం తెచ్చుకోకు. కానీ ఆలోచించు.

ఉత్త కాళ్ళే మేలు, అందరూ బూట్లు పారేయండి అని కూడా నేననట్లే. తుమ్మముల్లు, గాజుపెంకు, వెదురు మోటు, వానాకాలంలో పాము, ఇవన్నీ మర్చిపోయి రాసే గొప్పలు నాకు నచ్చవు. పైగా ముల్లు విరిగి లోపలే ఉండిపోతే దాని చుట్టూ చర్మం గట్టిపడి అచ్చం ఆనెలాగే కనపడతది. మేడారం జాతరకి మొక్కుకుని చెప్పులు విడిచి నడవడం మన భక్తి, అది వేరే విషయం. కాలేజీకి, ల్యాబ్‌కి, పరేడ్‌కి, ఇంటర్వ్యూకి బూటు తప్పదు. తప్పనప్పుడు అది మన కాలికి సరిపోయేది కావాలి. ఇదే నా వాదన.

సరిపోని బూటు ఎక్కడ మొదలైందో చెప్తా. నేను ఎనిమిదిలో ఉన్నప్పుడు మా స్కూలుకి (పేరు రాయను) బూట్లు వచ్చాయి. అట్టపెట్టెలు దింపారు, తరగతి వారీగా పంచారు. ఎనిమిదో తరగతికి ఆరు నంబరు. ఎవరి కాలూ ఎవరూ కొలవలే. నా పాదం అప్పటికే ఏడు దాటింది, ముందు భాగం మా నాయనలాగా చేటంత వెడల్పు. సార్‌కి చెప్తే "కొన్నాళ్ళు వేసుకుంటే సాగుతయ్ లేరా" అన్నారు. చెప్పులతో అసెంబ్లీకి వస్తే లైను బయట నిలబెట్టేవాళ్ళు. అందుకని వేసుకున్నా. బూటు సాగలే, వేళ్ళే మడతపడ్డాయి. కొన్నాళ్ళకు చిటికెనవేలికి పక్కవేలికి సందులో తెల్లగా, మెత్తగా, తడిగా పుండులాంటిది. నీళ్ళకు సందులు పాసినయ్ అనుకుని పసుపు పెట్టుకున్నా, ఏడాది పెట్టుకున్నా. అది కూడా ఆనేనని, వేళ్ళ సందు చెమటకు మెత్తబడి అలా ఉంటదని, దాన్ని మెత్త ఆనె అంటారని డిగ్రీకి వచ్చాక తెలిసింది. రెండు వేళ్ళ ఎముకలు ఒకదాన్నొకటి ఒత్తుకోవడమే కారణం. వెడల్పు చెప్పులు వేసుకుని, సందులో కొంచెం దూది పెట్టుకుని, పొడిగా ఉంచుకుంటే రెండు నెలల్లో పోయింది.

ఫ్రీగా వచ్చిన బూటుకు వంకలు పెడతావా అని ఎవరైనా అనొచ్చు. అంటారు కూడా, నాకు తెలుసు. బడ్జెట్‌లో మన పేరు మీద డబ్బు పెట్టి, మన కాలికి పట్టని బూటు కొంటే అది ఫ్రీ ఎట్లా అయితది? ఆ బూటు ఖర్చు సర్కారుది, ఆనె ఖర్చు నాది. కాలు కొలవడానికి ఒక కాగితం, ఒక పెన్సిల్ చాలు. ఆ మాత్రం పని ఎవరూ చెయ్యలేదనేదే నా ఫిర్యాదు.

అక్కలు, చెల్లెళ్ళ సంగతి ఇంకా అన్యాయం. ఇంటర్వ్యూ అనగానే ముందు మొనదేలిన, మడమ లేచిన చెప్పు కొంటారు. బరువంతా వేళ్ళ మీదకు జారతది. ఆనెలు లేస్తాయి, బయటికి చెప్పరు.

ఇప్పుడు కామెంట్లలో వచ్చిన మందుల గురించి. మన మందుల్ని తక్కువ చేస్తున్నానని అనుకోకండి. మా తాత చెట్టు మందులు ఇచ్చినోడే, ఆయన దగ్గర నేర్చుకున్నవి కొన్ని ఇప్పటికీ వాడతా. కానీ నల్లజీడి రసం సంగతి ఆయనే చెప్పేవాడు, ఒంటికి తగిలితే ఊరుకోదు అని. చాకలోళ్ళు బట్టలకు గుర్తు పెట్టే రసం అది, చర్మాన్ని కాలుస్తది, పొక్కులు లేపుతది, కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు. వేడి చేసి సురక పెడితే చచ్చిన చర్మంతో పాటు బతికిన చర్మం కూడా కాలిపోతది. జిల్లేడు పాలదీ అదే తీరు, పైగా ఆ చేత్తో కన్ను నలుపుకుంటే కంటికే ప్రమాదం. ఇవి పనిచేస్తాయని అనిపించడానికి కారణం ఉంది. పుండు పడితే పది రోజులు ఆ కాలు కింద పెట్టం, బూటు తొడగం. ఒత్తిడి పోయింది కాబట్టి తగ్గినట్టు ఉంటది. ఆ పది రోజులు ఏ పుండూ లేకుండానే బూటు విడిచి ఉండొచ్చు కదా.

కార్న్ క్యాప్ గురించి కూడా నిజం చెప్పాలి. అది మోసం కాదు. అందులో సాలిసిలిక్ యాసిడ్ ఉంటది, మామూలుగా 40 శాతం. కెరాటిన్‌ను మెత్తబరిచి కరిగిస్తది. చిక్కేమిటంటే ఆనె ఏదో మంచి చర్మం ఏదో దానికి తెలియదు. మందు బిళ్ళ ఆనె మీదే ఉండాలి, చుట్టూ వాజలీన్ రాసి మంచి చర్మాన్ని కాపాడుకోవాలి, ప్యాకెట్ మీద రాసినన్ని రోజులు ఉంచి, నానబెట్టి, తెల్లబడిన పొరను నెమ్మదిగా తీయాలి. రాత్రి అతికించి పొద్దున లాగడం కాదు. షుగర్ ఉన్నోళ్ళు, కాలికి రక్తం సరిగా అందనోళ్ళు, కాలికి తిమ్మిరి ఉన్నోళ్ళు, ఆనె పగిలినోళ్ళు దాని జోలికి పోనే వద్దు. ఊళ్ళో అమ్మానాన్నలకు ఫోన్ చేసి కార్న్ క్యాప్ పెట్టుకోమని చెప్పేవాళ్ళు దయచేసి ఈ మాట గుర్తుంచుకోండి. మా ఊళ్ళో సగం మందికి షుగర్ పరీక్షే ఎప్పుడూ చేయలే.

మరి ఏం చేయాలి? నేను చేసింది, డాక్టర్ చెప్పింది ఇదే. ముందు బూటు మార్చడం. అది చేయకుండా ఇంకేది చేసినా దండగ. తర్వాత రోజూ రాత్రి గోరువెచ్చని సబ్బు నీళ్ళలో ఐదు పది నిమిషాలు కాలు నానబెట్టండి. మెత్తబడ్డాక కాళ్ళు రుద్దుకునే రాయితో మెల్లగా రుద్దండి. ఒక్క రోజులో మొత్తం అరగదీయాలని చూడకండి, చురుక్కుమంటే ఆపేయండి. తుడిచి వాజలీనో, ఇంట్లో ఉంటే ఇప్పనూనో రాయండి (వేళ్ళ సందుల్లో మాత్రం నూనె వద్దు, అక్కడ పొడిగా ఉండాలి). పగలు నడిచేటప్పుడు ఆనె చుట్టూ చక్రంలా, మధ్యలో బొక్క ఉన్న మెత్తటి ప్యాడ్ పెట్టండి, షాపులో దొరుకుతాయి. ప్యాడ్ ఆనె మీద కాదు, చుట్టూ. బరువు పక్కకు పోతది. ఇంత మాత్రానికే చాలామందికి వారాల్లో నొప్పి తగ్గిపోతది. తగ్గకపోతే, ఓపిక లేకపోతే, డాక్టర్ దగ్గరికి పోండి. ఆయన కూడా బ్లేడుతోనే తీస్తాడు కదా అంటారా? తీస్తాడు, కానీ శుభ్రం చేసిన బ్లేడుతో, చచ్చిన పొర వరకే, రక్తం రాకుండా. కొన్ని నిమిషాల పని. ఇప్పటికే ఇంట్లో కోసుకుని గాయం చేసుకున్నోళ్ళు ధనుర్వాతం సూది వేయించుకోండి. ఎర్రబారడం, వేడి, చీము, వాసన, జ్వరం, ఏది కనపడినా తెల్లారేదాకా ఆగొద్దు.

ఇంకోటి. గట్టిగా ఉన్నదల్లా ఆనె కాదు. అరికాలి పులిపిరి కూడా అలాగే ఉంటది, అది వైరస్‌తో వచ్చేది, ఒకరి నుంచి ఒకరికి అంటుతది, హాస్టల్ బాత్రూముల్లో ఉత్త కాళ్ళతో తిరిగితే ఇంకా తేలిక. తేడా చూడాలంటే దగ్గరగా చూడండి. పులిపిరిలో చిన్న చిన్న నల్ల చుక్కలు కనపడతాయి, చర్మం గీతలు దాని దగ్గర ఆగిపోతాయి, రెండు పక్కల నుంచి నొక్కితే నొప్పి. ఆనెకు నేరుగా పైనుంచి నొక్కితే నొప్పి, గీతలు దాని మీదుగా పోతాయి. పులిపిరిని కోస్తే పక్కకు పాకే ప్రమాదం కూడా ఉంది. ముల్లు సంగతి పైన చెప్పా. తెలియనప్పుడు చూపించుకోండి.

ఇక మా మామ గురించి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించా. అడిగితే రాయమన్నాడు, ఊరి పేరు వద్దన్నాడు.

మా మామకు మడమ కింద పెద్ద కాయలాంటిది ఉండేది. నొప్పి లేదు. అస్సలు లేదు. ఒకసారి రేగుముల్లు దిగి ఇంటిదాకా నడిచొచ్చినా తెలియలే, అత్త చూసి చెప్పింది. ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు, ఇనుప కాళ్ళు అన్నారు. పతకం అన్నట్టే. తర్వాత ఆ కాయ పగిలింది, కింద పుండు, లోతుగా గుంట. అప్పుడు కూడా నొప్పి లేదు. నేను సెలవులకు పోయినప్పుడు చూసి బలవంతంగా పీహెచ్‌సీకి తీసుకుపోయా. డాక్టరమ్మ ముందు షుగర్ చూసింది, లేదు. తర్వాత పిక్క మీద పాలిపోయిన మచ్చ చూసి, కళ్ళు మూయమని పెన్ను మొనతో అక్కడక్కడా తాకింది. మామకు ఆ మచ్చ మీద తాకినట్టే తెలియలే. కుష్టు.

ఆ మాట వినగానే అత్త ఏడ్చింది. కానీ ఇప్పుడు దానికి మందు ఉంది, సర్కారు ఆస్పత్రిలో ఉచితం, రకాన్ని బట్టి ఆరు నెలలో పన్నెండు నెలలో వాడాలి. మామ పన్నెండు నెలలు వాడాడు. పుండుకు కట్లు కట్టారు, మెత్తటి ఎంసీఆర్ రబ్బరు చెప్పులు ఇచ్చారు, అవి కూడా ఉచితమే. ఇప్పుడు రోజూ రాత్రి దీపం దగ్గర కూర్చుని అద్దం పెట్టుకుని అరికాలు చూసుకుంటాడు, ఎక్కడైనా ఏదైనా దిగిందేమో అని. పోయిన స్పర్శ మొత్తం తిరిగి రాలేదు. రెండేళ్ళు ముందు పోయి ఉంటే ఎట్లుండేదో. ఆ రెండేళ్ళు మేమందరం ఆయన కాళ్ళను పొగుడుతూ కూర్చున్నాం.

అందుకే అన్నా, నొప్పి పెట్టే ఆనె కంటే నొప్పి పెట్టని పుండు చూసి ఎక్కువ భయపడు. మా అమ్మ కాలు కూడా మందమే, కానీ ఆకు మీద అడుగేసిందా రాయి మీద వేసిందా ఆమెకు తెలుస్తది. మామకు తెలియలే. మన ఊళ్ళల్లో "ముల్లు దిగినా తెలియదు" అనేది మెచ్చుకోలు మాట. ఇక నుంచి ఎవరి గురించైనా ఆ మాట వింటే మెచ్చుకోవద్దు, ఆశా అక్కకు చెప్పండి. షుగర్ అయినా కావచ్చు, కుష్టు అయినా కావచ్చు, ఏదైనా చూపించాల్సిందే.

చివరిగా పని మాట. బూటు కొనేటప్పుడు సాయంత్రం పోండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటది. నిలబడి తొడిగి చూడండి, కూర్చుని కాదు. రెండు కాళ్ళూ ఒకేలా ఉండవు, పెద్ద కాలికి కొనండి. పొడుగు వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. నంబరు సరిపోయినా వెడల్పు సరిపోకపోవచ్చు, మనకు ఎక్కువగా వచ్చే తిప్పలు అదే. అందుకని కాగితం మీద నిలబడి పాదం చుట్టూ పెన్సిల్‌తో గీసి, ఆ కాగితం కత్తిరించి, బూటు అడుగుకు పెట్టి చూడండి. కాగితం బయటికి వచ్చిందా, ఆ బూటు మీది కాదు.

వచ్చే ఆదివారం సాయంత్రం ఐదింటికి మా హాస్టల్ గ్రౌండ్ దగ్గర నేను, నా రూమ్మేట్ కూర్చుంటాం. చార్టు కాగితాలు, పెన్సిళ్ళు మేమే తెస్తాం. పాదం గీయించుకుని నంబరు, వెడల్పు రాసుకుందాం. చెల్లెళ్ళవి గీయడానికి మా క్లాసు అక్క ఒకామె వస్తానంది. అన్నీ కలిపి ఒక అర్జీకి జత చేసి సోమవారం వార్డెన్ సార్‌కి ఒకటి, ఐటీడీఏ ఆఫీసుకి ఒకటి ఇద్దాం. అడిగేది ఒక్కటే: మన స్కూళ్ళకు, హాస్టళ్ళకు ఈసారి బూట్లకు ఇండెంట్ పెట్టేముందు తరగతి చూసి కాదు, కాలు కొలిచి పెట్టండి అని. చిన్న స్కూళ్ళల్లో తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నోళ్ళు వాళ్ళ పాదం కాగితం కూడా పట్టుకురండి. సీనియర్ అన్నా, నువ్వు కూడా రా, ఆ తెల్ల షూ తెచ్చుకో, దాని మీదే ముందు పెట్టి చూద్దాం.